ఇష్తియాక్ బిగించిన అద్దం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి మెట్ల కింద ఇష్తియాక్ దుకాణం ఉండేది. దుకాణం అనడం మర్యాద కోసం. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక ట్యూబులైటు, లేచి నిలబడితే నడినెత్తికి తగిలే పైమెట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్టు అక్కడే ఉన్నా రోజుకోసారైనా దానికి తల కొట్టుకుని, ఎవరో ఇవాళే కట్టి వెళ్ళినట్టు దానివంక కోపంగా చూసేవాడు.

తండ్రి నేర్పిన విద్య గడియారాల రిపేరు. సెల్‌ఫోన్లు వచ్చాక జనం టైము కూడా వాటిలోనే చూసుకోవడం మొదలుపెట్టారు. బల్ల మీద గడియారాలు తగ్గి ఈగలు పెరిగాయి. ఆ రోజుల్లోనే ఒకాయన, బావమరిది ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన చేతి వీడియో గేమ్ ఒకటి పట్టుకొచ్చాడు.

"గడియారంలోనూ సెల్లే, ఇందులోనూ సెల్లే కదండీ సాయిబు గారూ. కాస్త చూద్దురూ," అన్నాడు.

ఈ లెక్కన టార్చిలైటు బాగుచేసేవాడు బస్సు కూడా బాగుచెయ్యొచ్చు. కానీ ఈగలు తోలుకోవడం కంటే నయమని ఇష్తియాక్ దాన్ని విప్పాడు. సెల్లు కారి పచ్చగా తుప్పు పట్టిన రేకుల్ని నిమ్మరసంతో తుడిచాడు. మీటల కింద చీమలు పెట్టిన గుడ్లను కుంచెతో ఊడ్చాడు. అది కుయ్యిమని కూసింది. ఏడాది తిరిగేసరికి గడియారాల సాయిబు కాస్తా గేముల సాయిబయ్యాడు. తొంభైల్లో కొని, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటకెక్కించిన గేములన్నీ కంకిపాడు నుంచి, ఉయ్యూరు నుంచి ఒక్కొక్కటే దిగి వచ్చేవి.

వాటన్నిట్లోకీ తిప్పలు పెట్టేది స్క్రీన్ మీది అద్దం. అద్దమంటే అద్దం కాదు, పల్చటి ప్లాస్టిక్ పలక. మన ఎండలకు దాని చుట్టూ ఉన్న జిగురు ఎండిపోయి పెచ్చులా లేచి వస్తుంది. మళ్ళీ బిగించాలంటే, రెండు వైపులా అంటుకునే టేపును పెసరగింజ వెడల్పున నాలుగు పక్కలా చట్రంలా కోయాలి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ధూళి పోగొట్టాలి. ఊపిరి బిగబట్టి ఒకే ఒక్కసారి ఆనించాలి. లోపల ఒక్క నలుసు చిక్కిందా, పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఇష్తియాక్ వేసిన అద్దంలో నలుసు ఉండదని పేరు.

"మీరేసిన అద్దం ఉందో లేదో వేలు పెట్టి చూసుకోవాల్సొస్తోందండీ," అనేవాడు పక్కనే జిరాక్స్ మిషను పెట్టుకున్న హరిబాబు. ఆ మాట విన్నరోజు ఇష్తియాక్ ఇంటికి నడిచి వెళ్ళేవాడు కాదు, తేలుతూ వెళ్ళేవాడు.

2004 వేసవిలో ఆ కళ్ళకు మసక మొదలైంది.

ముందు ట్యూబులైటు మార్చాడు. తర్వాత ఆ ట్యూబులైటు అమ్మినవాణ్ణి తిట్టాడు. కంటికి తగిలించుకునే భూతద్దాన్ని తుడిచి తుడిచి గీతలు పడేట్టు చేశాడు. చివరికి, వాచీ పట్టీలు కొనుక్కొస్తానని భార్య జహీదాకు చెప్పి, విజయవాడలో అయితే ఎవరైనా చూస్తారని గుంటూరు వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. అక్కడ వరండాలో కూర్చుని ఉండగా సరిగ్గా హరిబాబు మావగారే ఎదురుపడ్డాడు.

"ఇదేంటి సాయిబు గారూ, ఇక్కడున్నారు?"

"గోడ గడియారం రిపేరుకు రమ్మన్నారండీ," అన్నాడు ఇష్తియాక్.

అని ఊరుకుంటే బాగుండేది. ఆయన అక్కణ్ణుంచి కదలకపోయేసరికి, స్టూలెక్కి, నిక్షేపంలా తిరుగుతున్న గడియారాన్ని దించి, వెనక మూత తీసి, ఊది, మళ్ళీ తగిలించాడు. అది ఆ రోజు నుంచి పది నిమిషాలు వెనక నడిచిందని వినికిడి.

డాక్టరు చెప్పింది క్లుప్తంగానే చెప్పాడు. శుక్లం ఉంది, తియ్యొచ్చు. కానీ దాని వెనకాల పొరను షుగరు తినేసింది. తీసినా పెద్ద తేడా ఉండదు. చూపు ఉన్నన్నాళ్ళు ఉంటుంది.

తిరుగు బస్సు బ్యారేజీ మీదికి వచ్చినప్పుడు ఇష్తియాక్ డాక్టరు రాసిచ్చిన చీటీని మడిచి కిటికీలోంచి కృష్ణలోకి వదిలేశాడు. పట్టీలు దొరకలేదని ఇంట్లో చెప్పాడు. కళ్ళు కనపడని రిపేరువాడి బల్ల మీద వస్తువు పెట్టేదెవరు? ఈ సంగతి పురుగుకైనా తెలియకూడదు అనుకున్నాడు.

తెలియకుండా చూసుకోవడం రెండో ఉద్యోగమైపోయింది. ఎదురొచ్చే మనిషి ఎవరో పోల్చుకోలేక, అందరికీ తనే ముందు సలాం పెట్టేసేవాడు. బట్టలషాపు ముందు చీర కట్టి నిలబెట్టిన బొమ్మకు కూడా రెండుసార్లు అందింది ఆ మర్యాద. పని మాత్రం వేళ్ళు చేసుకుపోయేవి. మరలూ, మీటలూ, రేకులూ వాటికి తెలుసు. ఒక్క టేపు కొయ్యడమే కుదరలేదు. పెసరగింజ వెడల్పు వేళ్ళకు అందేది కాదు, అది కళ్ళ పని. అందుకని టేపు మానేసి, బొట్టు పెడితే అతుక్కుపోయే గమ్ము ట్యూబు తెచ్చుకున్నాడు. నాలుగు మూలలా నాలుగు బొట్లు. తడుముకుంటూ పెట్టొచ్చు.

మరుసటి ఏడు వానాకాలంలో కంకిపాడు నుంచి వెంకటప్పయ్య వచ్చాడు. అక్కడ చిన్న బట్టల దుకాణం ఆయనది. అంతకుముందు మగ్గం నేసిన కుటుంబం. చేతిలో గుడ్డసంచి. అటూ ఇటూ చూసి, సంచిలో పైనున్న వంకాయల్ని పక్కకు జరిపి, తువ్వాల్లో చుట్టిన గేము తీసి, దొంగబంగారం పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

"మనవడిదాండీ?" అన్నాడు ఇష్తియాక్.

"కాదండీ. మా ఆవిడది."

పక్కన జిరాక్స్ మిషను చప్పుడు ఆగిపోయింది. హరిబాబు చెవి ఇటు తిరిగింది.

వెంకటప్పయ్య గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఆయన భార్య చౌడేశ్వరమ్మకు మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది. మాట పోయింది. మిగిలింది ఎడంచెయ్యి, అందులోనూ బాగా కదిలేది బొటనవేలు. కొడుకు చిన్నప్పటి గేము ఏదో బీరువాలో కనపడితే ఊరికే చేతికిచ్చారు. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, జరిపి పేర్చుకోవాలి, వరుస నిండితే ఆ వరుస మాయమవుతుంది. ఆ ఆట.

"ముక్కని తిప్పే మీట కుడివైపుందండీ. ఆ చెయ్యి లేదు కదా. అందుకని తిప్పదు. ఎట్టా పడ్డదాన్ని అట్టానే జరిపి పేరుస్తది. చీరంచులు నేసిన మనిషండీ, ఏ పోగు ఎక్కడ పడాలో దాని చేతికి తెలుసు."

"మాషా అల్లా," అన్నాడు ఇష్తియాక్, నిజంగానే ఆశ్చర్యపోయి.

"అసలు సంగతి అది కాదండీ. అన్నానికి నోరు తెరవదు మా ఆవిడ. ఎంత బతిమాలినా తెరవదు. ఈ ఆటలో ఒక వరుస మాయమైతే మాత్రం నోరు తెరుస్తది. నేను గబుక్కున ఒక ముద్ద పెడతా. వరుసకో ముద్ద. మూడేళ్ళుగా మా ఇంట్లో అన్నం ఇట్టానే నడుస్తోంది. మొన్న అద్దం ఊడిపోయింది. అన్నం మెతుకులూ మజ్జిగా లోపలికి పోయి ఏవీ కనపడటంలా. మూడురోజుల నుంచి రెండు చెంచాల మజ్జిగ తప్ప ఏవీ దిగలేదండీ." ఆయన తువ్వాలు మడతపెడుతూ కాసేపు ఆగాడు. "రేపటికి అవుద్దాండీ?"

"పొద్దున్నే రండి. అయిపోద్ది," అన్నాడు ఇష్తియాక్.

ఆ రోజు వేరే పని ముట్టుకోలేదు. గేము విప్పి, గట్టిపడిన మెతుకుల్ని తడిగుడ్డతో నానబెట్టి తీశాడు. రేకులు రుద్దాడు. ఒకప్పుడు ఒక్క నలుసుకు పదిసార్లు గాలి కొట్టేవాడు, ఇప్పుడు నలుసు కనపడదు గనక ముప్ఫైసార్లు కొట్టాడు. నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టి, ఇంకా భద్రంగా ఉంటుందని మధ్య మధ్య ఇంకో నాలుగు పెట్టి అద్దం ఆనించాడు. ఆ పైన గడియారాలవాళ్ళు చేసే పనే చేశాడు. విప్పిన వాచీ మీద దుమ్ము పడకుండా గాజుగ్లాసు బోర్లించడం తండ్రి నాటి అలవాటు. ఇన్నాళ్ళూ గమ్ము వేసిన గేముల్ని మూత లేకుండానే ఆరబెట్టేవాడు. దీనికి మాత్రం, గేము పెద్దది కదా, బిస్కెట్లు పోసుకునే గాజు జాడీ తెచ్చి దాని మీద బోర్లించి, దుకాణం కట్టేసి ఇంటికి వెళ్ళాడు.

ఆ గమ్ము ఆరేటప్పుడు కంటికి కనపడని ఆవిరి వదులుతుంది. ఆరుబయటైతే గాలికి పోతుంది. జాడీ కింద ఎటూ పోలేక, ప్లాస్టిక్ మీదే తెల్లగా పేరుకుంటుంది. టేపుతో బతికిన మనిషికి ఆ సంగతి తెలియదు. పొద్దున జాడీ ఎత్తి చూస్తే అద్దం మసగ్గా కనిపించింది. కానీ అప్పటికి ఏడాదిగా గోడా, టీ గ్లాసూ, జహీదా ముఖమూ అన్నీ మసగ్గానే కనపడుతున్నాయి. రోజూ ఉండే మసకే అనుకున్నాడు.

వెంకటప్పయ్య మొదటి బస్సుకే వచ్చాడు. మీట నొక్కితే కుయ్యిమంది. ఆయన ఆ అద్దం వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఎలా ఉందండీ?" అన్నాడు ఇష్తియాక్. ఎవరైనా ఏమైనా కనిపెడతారేమోనని ఆ రోజుల్లో ఆ ప్రశ్న కాస్త గట్టిగా అడిగేవాడు.

"ఆఁ... బాగుందండీ. కొత్తరకం అద్దమాండీ?"

"కొత్తదే వేశానండీ!"

"అదే అనుకున్నా," అని వెంకటప్పయ్య గేమును వంకాయల కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజుల తర్వాత హరిబాబు తన కూతురు ప్రత్యూష గేము తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముందురోజే ఇష్తియాక్ దానికి అద్దం వేసి, అలాగే జాడీ కింద ఆరబెట్టి ఇచ్చాడు.

"ఏంటి సాయిబు గారూ, మా పిల్ల ఏడుస్తోంది. బాత్రూం కిటికీకి వేసే అద్దం వేశారేంటి దీనికి?"

ఇష్తియాక్ నవ్వాడు. హరిబాబు నవ్వలేదు.

"జోకు కాదండీ. లోపల్నుంచి పొగ పట్టినట్టు తెల్లగా ఉంది. మీకు కనపడట్లా?"

"కనపడుతోంది, కనపడుతోంది," అని, ఇష్తియాక్ దాన్ని చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో రుద్దాడు. పైన నున్నగానే ఉంది. "హరీ, ఇది మొత్తం ఇలాగే ఉందా? నిజం చెప్పు."

"మొత్తమేనండీ."

ఇష్తియాక్ గేమును బల్ల మీద పెట్టేశాడు. "మొన్న కంకిపాడు పెద్దాయనది నువ్వు చూశావా?"

హరిబాబు జిరాక్స్ కాయితాలు సర్దడం మొదలుపెట్టాడు. "చూశానండీ, ఆ పొద్దున మీరు జాడీ ఎత్తినప్పుడు. అది ఇంతకంటే తెల్లగా ఉంది. ఏమోలే, మీకు తెలియందా, ఏదో పద్ధతి అయ్యుంటుందిలే అని..."

వెంకటప్పయ్య దుకాణం నంబరు ఆయన రాసిచ్చిన చీటీ మీద ఉంది. హరిబాబు చేతే ఫోను చేయించాడు. ఎత్తిన గుమస్తా, అయ్యగారు దుకాణానికి రావడం లేదనీ, అమ్మగారికి అసలేం బాగోలేదనీ చెప్పాడు.

మధ్యాహ్నం వేళ ఇంటికి వచ్చిన భర్తను చూసి జహీదా గుమ్మంలోనే ఆగింది. ఇష్తియాక్ ఒక చచ్చిపోయిన గేము నుంచి ఊడదీసిన మంచి అద్దమూ, టేపు చుట్టా, బ్లేడూ ఆమె ముందు పెట్టాడు.

"ఈ టేపు కొయ్యాలి," అన్నాడు.

"కొయ్యండి."

"నువ్వు కొయ్యాలి, జహీదా."

ఆమె కింద కూర్చుని బ్లేడు అందుకుంది. "ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా," అంది.

"నీకు తెలుసా?"

"ఏడాదిగా దుమ్ము దులుపుతున్నట్టు నటించి మీ చొక్కా గుండీలు సరిచేసేది ఎందుకనుకున్నారు? రంజానుకు మేడ మీద నెలవంక కనపడిందని అందరికంటే ముందు అరిచారు చూడండి, అది ఎదురింటి వాళ్ళ డిష్ అండీ. నలుగురిలో పరువు పోతుందని నేనూ కనపడిందన్నాను. అల్లా క్షమించాలి నన్ను."

ఇష్తియాక్ టేపు చుట్టను ఆమె వైపు జరిపాడు.

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"చూపించుకున్నా. ఉన్నన్నాళ్ళు ఉంటుందన్నాడు."

జహీదా టేపు కోసింది. మొదటి ముక్క వంకరపోతే పక్కన పడేసి, ముక్కు ఎగబీల్చి, ఇంకోటి కోసింది. తర్వాత బురఖా వేసుకుని, "పదండి," అంది.

కంకిపాడులో దుకాణం వెనకే ఇల్లు. వెంకటప్పయ్య గుమ్మం దాకా వచ్చి, ఇద్దరినీ చూసి కంగారుగా కుర్చీలు తుడిచాడు. గదిలో మంచం మీద చౌడేశ్వరమ్మ ఉంది. దిండు మీద చీర అంచు ముక్కతో గేమును కదలకుండా కట్టి ఉంచారు. అవన్నీ జహీదా చెవిలో చెబితేనే ఇష్తియాక్‌కు తెలిశాయి. "ముక్కులో గొట్టం ఉందండీ," అని కూడా చెప్పింది ఆమె. "కళ్ళు మూసుకుని ఉంది."

"నిద్రపోతున్నారాండీ?" అన్నాడు ఇష్తియాక్.

"నిద్ర కాదండీ," అన్నాడు వెంకటప్పయ్య. "ఆ రోజు తీసుకెళ్ళి చేతిలో పెట్టానా. చూసింది. మెడ ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఆ ఎడంచెయ్యెత్తి కళ్ళు నులుముకుంది. రెండురోజులు అట్టానే నులుముకుని, మూడోరోజు కళ్ళు మూసేసింది. ఇహ తెరవలా. చూపు కూడా పోయిందనుకుందండీ."

"మీకెలా తెలుసండీ?"

"నలభై ఆరేళ్ళ కాపురం. ఆమాత్రం తెలవదా?"

"కాదండీ... తప్పు అద్దానిది." ఇష్తియాక్ మాట తడబడింది. "అద్దం మీద మసకుంది. నేను వేసిందే. మీరు చూడలేదా?"

వెంకటప్పయ్య తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచాడు.

"చూశానండీ," అన్నాడు చివరికి. "మీ బల్ల దగ్గరే చూశా. అంత పేరున్న మనిషి వేసినదానికి వంక పెడితే, పక్కన ఆ కుర్రాయన కూడా ఉన్నాడు, మీకు చిన్నతనంగా ఉంటదని ఊరుకున్నా. కొత్తరకం అన్నారు కదా, వాడగా వాడగా తేరుకుంటదేమో అనుకున్నా."

ఒకరు చిన్నబోకూడదనీ, ఒకరు చిన్నబుచ్చకూడదనీ ఇద్దరు మర్యాదస్తులు చేసిన పని మంచం మీద పడుకుని ఉంది. మూడో మర్యాదస్తుడు గవర్నర్‌పేటలో జిరాక్సులు తీసుకుంటున్నాడు.

ఇష్తియాక్ గేము విప్పించుకుని నేల మీద కూర్చున్నాడు. గమ్ముతో పట్టుకున్న అద్దం మామూలుగా రాలేదు. వేళ్ళతో అంచు వెతుక్కుని, పలుచటి బ్లేడు దూర్చి, ముక్కలు ముక్కలుగా విరిచాడు. ఒక ముక్క అతని బొటనవేలు కోసింది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. "ఉందా?" అని అడిగితే జహీదా వంగి చూసి, "కుడిపక్క ఒక నలుసు," అంది. మళ్ళీ కొట్టాడు. "ఇప్పుడు?" "లేదు." ఆమె టేపు చట్రం అమర్చింది, అతను ఊపిరి బిగబట్టి అద్దం ఆనించాడు.

"ఎలా ఉంది?"

"అసలు అద్దం లేనట్టుంది," అంది జహీదా.

వెంకటప్పయ్య భార్య చెవి దగ్గర వంగి పిలిచాడు. గేము వచ్చిందన్నాడు, బాగైందన్నాడు. ఆమె కళ్ళు తెరవలేదు. గుమ్మం దగ్గర ఇద్దరు గుమస్తాలూ, పక్కింటి సీతారావమ్మా నిలబడి చూస్తున్నారు. వాళ్ళ నీడలు మాత్రం ఇష్తియాక్‌కు ఆనాయి. ఇక్కడ ఒక మాట అంటే సాయంత్రానికి బస్సెక్కి విజయవాడ చేరుతుందని అతనికి తెలుసు. మంచం పట్టె పట్టుకుని దగ్గరికి జరిగాడు.

"అమ్మా, నేను గేముల సాయిబునమ్మా. మీ కళ్ళకేం కాలేదు. నిక్షేపంలా ఉన్నాయి. పోయినవి నా కళ్ళు. నాకు కనపడదు తల్లీ, ఏడాదిన్నరైంది. కనపడకుండానే అద్దం వేసి, మసకేసి పంపించాను. ఎవరికీ చెప్పుకోలేక మీకు ఈ గతి పట్టించాను. ఒక్కసారి కళ్ళు తెరిచి చూడమ్మా. మీ కళ్ళు బాగున్నాయి."

గుమ్మం దగ్గర ఎవరో గాలి పీల్చిన చప్పుడైంది.

"తెరిచింది," అంది జహీదా, అతని చెయ్యి నొక్కి. "మీ వంకే చూస్తోంది."

ఎంతసేపు చూసిందో ఇష్తియాక్‌కు తెలియలేదు. తలొంచుకుని ఉన్నాడు. వెంకటప్పయ్య గేమును దిండుకు కట్టి, ఆమె ఎడంచెయ్యి దాని మీద పెట్టి, బొటనవేలిని మీట మీదికి తోశాడు. ఆట మొదలైంది. సన్నగా పాట వస్తోంది. సీతారావమ్మ పరుగున వెళ్ళి గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చింది. గొట్టం ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వెంకటప్పయ్య చిన్న ముద్ద చేసి, చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"స్క్రీన్ చూస్తోందా?" అన్నాడు ఇష్తియాక్ మెల్లగా.

"చూస్తోంది."

"కదిలిందా?"

"లేదు."

ముక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు అతనికి తెలుసు, ఒక్కొక్క ముక్క ఆనినప్పుడల్లా చిన్నగా టక్కుమంటుంది. జరిపినప్పుడైతే ఇంకోరకంగా కిచ్‌మంటుంది. టక్కుమనేదే వినపడుతోంది.

"కదిలిందా?"

"ఉండండి, చూస్తున్నా."

వేలు కదలలేదు. మధ్యలో పడ్డవన్నీ మధ్యలోనే ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పైకి వెళ్ళాయి. పాట జోరెక్కింది, ఆ తర్వాత పైదాకా నిండిపోయినప్పుడు వచ్చే మోత వచ్చి ఆగిపోయింది.

"ఇంకోసారి పెడతానండీ," అన్నాడు వెంకటప్పయ్య. ముద్ద ఎడంచేతిలోకి మార్చుకుని మీట నొక్కాడు.

పాట మళ్ళీ మొదలైంది. ఇష్తియాక్ ఈసారి జహీదాను ఏమీ అడగలేదు. మంచం పట్టె మీద చెయ్యి వేసి, కిచ్‌మనే చప్పుడు కోసం వింటూ కూర్చున్నాడు.